గ్రామసభ అయిపోయినంక రిజిస్టర్ ఇంటికి తెచ్చి సంతకం పెట్టమంటున్నరు, పెట్టాల్నా వద్దా?

కొత్త వార్డు మెంబర్:
అందరికీ నమస్తే. మాది తెలంగాణల చిన్న ఊరు, ఓటర్లు 2100 పైచిలుకు. 2025 డిసెంబర్ ఎలక్షన్లల్ల లేడీస్ రిజర్వేషన్ వార్డు నుంచి మెంబర్‌గా గెలిచిన, ఇంతకుముందు మహిళా సంఘంల లెక్కలు రాసుడు తప్ప రాజకీయం తెల్వదు. మొన్న గ్రామసభ అన్నరు, పోయి చూస్తే మొత్తం కలిపి నలభై మంది ఉండొచ్చు, అందుల సగం స్కూలు పిల్లలే. అర గంటల అయిపోయింది. రెండు రోజులకు పంచాయతీల పనిచేసే పిల్లగాడు రిజిస్టర్ పట్టుకొని ఇంటింటికీ తిరుగుతున్నడు, మా ఇంటికీ వచ్చిండు. పేజీ పైన తేదీ ఉంది, కింద సంతకాలు ఉన్నయి, నడుమ ఖాళీ! ఏం రాస్తరు అంటే "సార్ తర్వాత రాస్తడు అక్కా" అంటున్నడు. రేపు వస్త అని పోయిండు. పెట్టకపోతే మొదట్లనే లొల్లి పెట్టుకున్నట్టు అయితదేమో అని భయం, పెడితే ఏమైతదో తెల్వదు. ఏం చేయాలె?

రిటైర్డ్ కార్యదర్శి:
అమ్మా, ఖాళీ పేజీ మీద సంతకం పెట్టొద్దు, ఇందులో రెండో మాట లేదు. నేను ముప్పై ఏళ్ళు ఈ పనే చేశాను కాబట్టి లోపలి సంగతి చెప్తాను. ఆ రిజిస్టర్ మీ ఇంటిదాకా వచ్చింది కోరం కోసం. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టంలో గ్రామసభకి ఇంతమంది ఉండాలని లెక్క ఉంది, 1001 నుంచి 3000 ఓటర్లున్న ఊరికి 150 మంది. మీ సభకి వచ్చింది నలభై, మిగతా నూటపది సంతకాలు ఎక్కడినుంచి రావాలి చెప్పండి, అందుకే ఇంటింటికీ తిరుగుడు. కార్యదర్శిని పూర్తిగా తప్పు పట్టలేను, రెండు నెలలకోసారి సభ పెట్టాలని అదే చట్టం అంటుంది, పైనుంచి ఫొటోలు రిపోర్టులు అడుగుతారు, జనం రారు, వాడు మాత్రం ఏం చేస్తాడు. కానీ ఆ నడుమ ఖాళీలో రేపు ఏ పని పేరు రాసినా మీరు కూర్చుని ఒప్పుకున్నట్టే అవుతుంది, అదీ అసలు సంగతి. మర్యాదగా "తమ్ముడూ, తీర్మానాలు రాశాక పట్టుకురా, చదివి పెడతాను" అనండి. గొడవ పడాల్సిన పనిలేదు.

కొత్త వార్డు మెంబర్:
థాంక్యూ సార్. ఇంకో డౌట్, నెలకోసారి మెంబర్లందరం కూర్చునే మీటింగు వేరే, గ్రామసభ వేరే కదా? మా ఊర్ల రెండిటికీ ఒకటే పుస్తకం లెక్క చేస్తున్నరు.

రిటైర్డ్ కార్యదర్శి:
వేరువేరమ్మా, పుస్తకాలు కూడా వేరే ఉండాలి. నెల మీటింగులో మీరు ఓటున్న మెంబర్, ఏదైనా తీర్మానం నచ్చకపోతే "నా అసమ్మతి రాయండి" అని అక్కడే అడిగి రాయించుకోండి, బయటికొచ్చాక వరండాలో ఎంత మొత్తుకున్నా లెక్కలోకి రాదు. గ్రామసభ అంటే ఊళ్ళో ఓటరు లిస్టులో పేరున్న ప్రతి మనిషీ. రాజ్యాంగంలో 243ఎ అని దానికోసమే పెట్టారు, 73వ సవరణతో, అది 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది.

మాజీ సర్పంచ్:
ఒక్క వైపే మాట్లాడుకుంటున్నారు కాబట్టి నేనూ చెప్తా. నేను ఐదేళ్ళు చేశా. గ్రామసభ పెడితే వచ్చినోళ్ళు అడిగేది ఏంటి, పెన్షన్, ఇల్లు, రేషన్ కార్డు. ఈ మూడింట్లో ఫైనల్‌గా శాంక్షన్ చేసే పవర్ సర్పంచ్‌కి లేదు, రాసుకుని పైకి పంపుడే. రెండుసార్లు అడిగి పని కాకపోతే మూడోసారి ఎవడూ రాడు, మనమే ముఖం చాటేస్తాం. నిజంగా పంచాయతీ చేతిలో ఉన్నవి నల్లా, మోరీ, వీధి లైటు, చెత్త, ట్రాక్టర్ డీజిల్, వీటి గురించి ఒక్కడూ అడగడు, ట్రాక్టర్ నెలకి ఎంత డీజిల్ తాగుతుందో అడిగితే సగం లెక్కలు బయటికొస్తాయి (నవ్వుకోండి గానీ నిజం). ఇంకోటి, 2024 ఫిబ్రవరిలో మా టర్మ్ అయిపోయాక దాదాపు రెండేళ్ళు స్పెషల్ ఆఫీసర్లే ఉన్నారు, ఎన్నికైన బాడీ లేకపోతే కేంద్రం నుంచి పంచాయతీలకి వచ్చే ఫైనాన్స్ కమిషన్ గ్రాంటు రాదు, కాబట్టి కొత్తోళ్ళు గెలిచేసరికి ఖాతా ఎండిపోయి ఉంది. కొత్త సర్పంచ్ మీద మొదటి నెలలోనే విరుచుకుపడొద్దు.

గుంటూరు వైపు నుంచి:
మాది ఆంధ్ర అండి, చట్టం వేరే, మాకు 1994 చట్టం, ఏడాదికి కనీసం రెండు సభలని ఉంటుంది. 2024 ఆగస్టు 23న ఒకే రోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టారు, మా ఊళ్ళో కూడా జనం బాగానే వచ్చారు. కానీ తర్వాతి సభకి మళ్ళీ అదే ఇరవై మంది. ఆ రోజు చెప్పిన పనుల్లో ఏవి అయ్యాయో ఎవరూ చదివి వినిపించలేదు కదా అందుకే అని నా అనుమానం. అక్కా, మీ సభలో మొదటి ఎజెండా "పోయినసారి తీర్మానాలు ఏమయ్యాయి" అని పెట్టించండి, దీనికి పైసా ఖర్చు లేదు.

ఎన్జీవోలో పనిచేసినోణ్ణి:
గ్రామసభని తేలిగ్గా తీసుకోకండి. 2013లో ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు వద్దు అన్నాయి, అంత పెద్ద బాక్సైట్ గని ఆగిపోయింది.

రిటైర్డ్ కార్యదర్శి:
బాబూ అది నిజమే గానీ అక్కడ అటవీ హక్కుల చట్టం ఉంది, సుప్రీంకోర్టే గ్రామసభల్ని అడగమంది. ఏజెన్సీ (గిరిజన ప్రాంతం) ఊళ్ళకి, అక్కడి గ్రామసభకి ఎక్కువ అధికారాలిచ్చే 1996 పెసా చట్టం బలం కూడా ఉంటుంది. ఈ అమ్మది మైదానం ఊరు, ఆ లెవెల్ పవర్ ఉందనుకుని వెళ్తే దెబ్బతింటుంది. ఇక్కడ ఉన్న ఆయుధం ప్లాను, లెక్కలు, అంతే.

కొత్త వార్డు మెంబర్:
సార్ ప్లాను అంటే? మా ఊరి ప్లాను ఉన్నదా అసలు?

రిటైర్డ్ కార్యదర్శి:
ఉంటుందమ్మా, గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, జీపీడీపీ అంటారు. ఏటా తయారు చేసి ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్లో ఎక్కించాలి. ఫోన్‌లో ఆ సైట్ తెరిచి రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు సెలెక్ట్ చేస్తే మీ ఊరి ప్లానులో ఏ పనులు రాశారో, ఎంత ఖర్చు చూపించారో కనపడుతుంది. మొదటిసారి చూసినప్పుడు చాలామంది "ఈ పని మన ఊళ్ళో ఎక్కడ జరిగింది" అని నోరు తెరుస్తారు. ఒకటి గుర్తుంచుకోండి, 2026 మార్చి దాకా లెక్కయిన 15వ ఫైనాన్స్ కమిషన్ గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలి, 40 శాతమే ఊరి ఇష్టం, అది కూడా జీతాలకి వాడకూడదు. కాబట్టి సీసీ రోడ్డు అడిగితే "డబ్బుల్లేవు" అనడం ఒక్కోసారి నిజమే అవుతుంది, మోరీ అడిగితే మాత్రం ఆ మాట అంత తేలిగ్గా అనలేరు.

లెక్కల మాస్టారు:
పోర్టల్లో ఉన్నది, ఊళ్ళో ఉన్నది తేడా వస్తే ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం కింద అప్లికేషన్) వేయండి. మన రెండు రాష్ట్రాల్లో ఊరి స్థాయి ఆఫీసుకి అప్లికేషన్ ఫీజు లేదు, మండలం అయితే 5 రూపాయలు, ఆ పైన 10. కాపీలకి పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో ఇవ్వాలి. "మొత్తం లెక్కలు ఇవ్వండి" అని రాస్తే ఏదో సాకు చెప్పి తిప్పుతారు, "ఫలానా నెల క్యాష్‌బుక్, ఫలానా పని ఎంబీ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం), ఓచర్ల కాపీ" అని ముక్కకి ముక్క అడగండి. కానీ మీరు మెంబర్ కదా, ముందు నోటితో అడిగి చూడండి, ఆర్టీఐ వేస్తే పగ అనుకునే ఊళ్ళే ఎక్కువ.

మహిళా సంఘం లీడర్:
చెల్లీ, మా ఊర్ల మేము ఏం చేసినమంటే గ్రామసభకి ముందు రోజు సంఘం మీటింగుల అందరం కూర్చొని ఒక్క పని మాత్రం రాసుకున్నం, బోరు కాడ నీళ్ళు నిలుస్తున్నయి అని. పది సమస్యలు చెప్తే పదీ గాలికి పోతయి. పొద్దున పదకొండింటికి సభ పెడితే కూలికి పోయినోళ్ళు ఎట్ల వస్తరు, సాయంత్రం ఆరు తర్వాత పెట్టమని ముందుగాలే కాయితం ఇచ్చినం. డప్పు చాటింపు కూడా మా వాడకి రాకపోతుండె, అది కూడా రాసినం. డెబ్బై మంది ఆడోళ్ళం ఒక్కసారి పోయి కూర్చుంటే మైకు వాళ్ళే ఇచ్చిన్రు. ఇంకో మాట, సభల మీ బదులు మీ ఆయన మాట్లాడుడు మాత్రం మొదలువెట్టకు, ఒకసారి అలవాటైతే రిజిస్టర్ కూడా ఆయనకే తెస్తరు.

కొత్త వార్డు మెంబర్:
అక్కా ఆఖరు మాట సూటిగా తగిలింది, మా ఆయనే "నేను మాట్లాడొస్త తియ్" అన్నడు పొద్దుగాల 😅

కొత్త వార్డు మెంబర్:
అప్‌డేట్: పిల్లగాడు మళ్ళ వచ్చిండు, రాసినంక పెడత అని చెప్పిన. సాయంత్రం కార్యదర్శి ఫోన్ చేసిండు, కోపం ఏం చేయలే, "మేడమ్ ఆఫీసుకొచ్చి చూడుండ్రి" అన్నడు. పోయి చూస్తే మూడు తీర్మానాలు రాసి ఉన్నయి, ఒకటి మోటార్ రిపేర్, ఒకటి మొక్కలు, ఇంకోటి మా వార్డుల మోరీ పూడిక తీసిన ఖర్చు. మోరీ ఇంకా తీయలేదు సార్. అదే మాట చెప్పి ఆ రెండిటికి ఒప్పుకుంట, మూడోది కొట్టేస్తెనే సంతకం అన్న. సోమవారం రమ్మన్నడు. పోర్టల్ల ప్లాను డౌన్‌లోడ్ చేసిన, ఇంగ్లీషుల ఉంది, లెక్కల మాస్టారూ ఆ పేజీ ఫొటో పెడత, జరంత చూసి చెప్పుండ్రి.