కొమ్ముల ముసుగున్న జపాన్ చిత్రం: చెక్క అచ్చా, మామూలు ముద్రణా?

ప్రశ్న (మలక్‌పేట పాఠకుడు): అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల మధ్య నాకొక జపాన్ చిత్రం దొరికింది. తెల్లని ముసుగు, దానికి రెండు కొమ్ములు, బంగారు రంగు పళ్ళు, వస్త్రం నిండా త్రికోణాలు ఉన్నాయి; బొమ్మ చుట్టూ నేపథ్యమంతా ఖాళీ. ఇది కబుకీ (జపాన్ సంప్రదాయ నాటకం) నటుడిదేనా? చెక్క అచ్చుతో వేసినదా, ఏదైనా పుస్తకం నుంచి చించిన పేజీయా? ఫ్రేము కట్టించే ముందు తెలుసుకోగోరుతున్నాను.

జవాబు (చిత్రకళాభిమాని): కబుకీ కాదండీ. కబుకీ నటులు సాధారణంగా ముఖానికి రంగులు పూసుకుంటారు. ఇలాంటి ముసుగు 'నో' అనే మరో పాత జపాన్ నాటక రీతిది. మీరు వర్ణించినది హన్న్యా, అంటే అసూయతో రాక్షసిగా మారిన స్త్రీ ముసుగు. త్రికోణాలు పాము పొలుసులకు గుర్తు కనుక ఇది స్త్రీ పాముగా మారే 'దోజోజి' అనే నో నాటకంలోని ఘట్టం కావచ్చు. షోగునులనే సైనిక పాలకులు జపాన్‌ను ఏలిన 'ఎదో' యుగంలో బొమ్మలు కొనే పట్టణ జనానికి కబుకీ మీదే మోజు, నో ప్రధానంగా సమురాయ్ (యోధుల) వర్గపు ఆదరణలో ఉండేది. అందువల్ల ఆనాటి అచ్చుల్లో నో దృశ్యాలు తక్కువ. 1868లో షోగునుల పాలనతో పాటు వారి పోషణా పోయి దాదాపు కనుమరుగయ్యే స్థితికి చేరిన ఆ కళ, కులీనుల అండతో తిరిగి నిలదొక్కుకున్నాక, చిత్రకారుడు త్సుకియోకా కోగ్యో (1869–1927) దాన్నే తన ప్రధాన వస్తువుగా చేసుకున్నారు. 1897–1902 మధ్య వెలువడిన ఆయన నో చిత్రమాల 'నోగాకు జుయె'లో 261 చిత్రాలున్నాయి. వాటిలో చాలావాటికి నేపథ్యం ఖాళీయే. గోడ మీది పైన్ చెట్టు చిత్రం తప్ప నో రంగస్థలం మీదా పెద్దగా అలంకరణ ఉండదు.

జవాబు (ముద్రణ పనివాడు): ముందు భూతద్దంతో చూడండి. రంగు సన్నని చుక్కలుగా విడిపోతే అది ఆఫ్‌సెట్, అంటే మామూలు యంత్ర ముద్రణ. చెక్క అచ్చులో రంగు చదునుగా పరుచుకుని, కాగితం వెనక్కి కొంత ఊరుతుంది. వెనుక వైపు రుద్దిన చారలు కూడా కనిపించవచ్చు. తర్వాత కాగితాన్ని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకోండి: కోగ్యో అచ్చుల్లో కొన్నిచోట్ల సిరా లేకుండానే ఒత్తిన నేత గీతలు, లోహపు పొడి మెరుపు బయటపడతాయి. అయితే కొత్తగా చెక్కిన పలకలతో వేసిన నకలులోనూ ఇవన్నీ ఉంటాయి కనుక, వీటిని బట్టి వయసు తేల్చేయకండి.

జవాబు (చిత్రకళాభిమాని): ఫ్రేము సంగతి కూడా చెప్పాలి. దుకాణంలో అడగకుండానే అట్టకు బంక పూసి అతికించేస్తారు, అప్పుడిక వెనుక భాగం చూసే వీలే ఉండదు. లామినేషన్ వద్దనండి. ఆమ్లం లేని అట్ట వాడి, పై అంచున మాత్రమే పలుచని కాగితపు పట్టీలను గంజితో అంటించి వేలాడదీయమనండి. అద్దం కాగితానికి తగలకూడదు. వానాకాలంలో చెమ్మ పట్టే గోడా, ఎండ పడే గోడా రెండూ పనికిరావు.