హైవే మీద మ్యాగ్‌మౌంట్‌ని నమ్మొచ్చా, లేక కారు టాప్‌కి రంధ్రం వేయాల్సిందేనా?

లాంగ్‌డ్రైవ్:
కారులో వీహెచ్‌ఎఫ్ (చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీ) రేడియో పెట్టించాను, 145 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల మాట్లాడుకోవడం తప్ప నాకు వేరే అవసరం లేదు. ఆంటెన్నా దగ్గరే పేచీ వచ్చింది. అయస్కాంతం ఉన్న బేస్ (మ్యాగ్‌మౌంట్) టాప్ మీద పెట్టేస్తే చాలు, ఏళ్ల తరబడి కదలదు అని కొందరంటున్నారు. గంటకు వంద దాటితే అది ఊడిపోయి వెనకాల వచ్చేవాళ్ల అద్దం మీద పడుతుంది, టాప్‌కి రంధ్రం వేసి ఎన్‌ఎమ్‌ఓ మౌంట్ (రంధ్రంలో మరతో బిగించే ఆంటెన్నా బేస్) బిగించడం ఒక్కటే దారి అని ఇంకొందరు. కొత్త కారుకి రంధ్రం అంటే మనసు ఒప్పట్లేదు. అలాగని ప్రతి లారీ పక్కనుంచి పోయినప్పుడల్లా పైన ఉందా ఊడిందా అని టెన్షన్ పడుతూ నడపడం కూడా నా వల్ల కాదు. పెద్ద అయస్కాంతం కొంటే సరిపోతుందా, లేక తాడు కూడా కట్టాలా? వాడినవాళ్లు చెప్పండి.

రేకుపని:
రంధ్రం వేయించండి. నేను బాడీ వర్క్ చేస్తాను కాబట్టి రెండో వైపు కూడా చూస్తుంటాను, అంటే మ్యాగ్‌మౌంట్ తీసేశాక కింద ఏం మిగులుతుందో. గుండ్రటి మచ్చ, దాని లోపల చాపంలాగా సన్నటి గీతలు, అంచు దగ్గర పెయింట్ పొంగి ఉంటే గోటితో గీకగానే కింద ఎర్రటి తుప్పు. ఆ గీతలు ఎక్కడివంటే, బ్రేక్ డిస్కులు అరిగి రాలే ఇనుప పొడి రోడ్డంతా ఎగురుతూ ఉంటుంది, మీ అయస్కాంతం దాన్నంతా దగ్గరికి లాక్కుని తనకీ పెయింట్‌కీ మధ్య దాచుకుంటుంది. పైగా వాన నీళ్లు కింద చేరితే ఆరవు.

ఎన్‌ఎమ్‌ఓకి 19 మిల్లీమీటర్ల రంధ్రం చాలు. సరైన సైజు హోల్ సాతో (గుండ్రంగా కోసే రంపం) కోసి, కోసిన అంచుకి ప్రైమర్ పూసి, రబ్బరు రింగు సరిగ్గా కూర్చోబెడితే చుక్క నీరు దిగదు. ఆంటెన్నా వద్దనుకున్న రోజు మూత బిగించుకోవచ్చు. బోల్టుతో పట్టిన దానికీ, అయస్కాంతం మీద వదిలేసిన దానికీ పోలికేంటండీ?

కొలిచిచూడు:
రేకుపని గారు పెయింట్ గురించి చెప్పింది అక్షరాలా నిజం. ఊడిపోవడం గురించి మాత్రం ఒప్పుకోను, ఎందుకంటే ఏ ఆంటెన్నా, ఎంత పొడుగు అనేది అడక్కుండా "మ్యాగ్‌మౌంట్ ఆగుతుందా" అన్న ప్రశ్నకి జవాబే లేదు.

ఉజ్జాయింపుగా లెక్క వేద్దాం. 145 మెగాహెర్ట్జ్ క్వార్టర్ వేవ్ విప్ (తరంగం పొడుగులో పావు వంతు ఉండే ఆంటెన్నా కడ్డీ) దాదాపు 50 సెంటీమీటర్లు, మందం 3 మిల్లీమీటర్లు అనుకోండి. గంటకు 108 కి.మీ. వేగంలో దాన్ని గాలి వెనక్కి నెట్టే బలం సుమారు 100 గ్రాముల బరువంత. ఆ బలం విప్ మధ్యలో, అంటే 25 సెం.మీ. ఎత్తున పనిచేస్తుంది కాబట్టి బేస్‌ని తిరగేసే ప్రయత్నం 2.5 కిలో-సెంటీమీటర్లు. ఇప్పుడు మీటరున్నర పొడుగు, సగటున 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ఆంటెన్నా తీసుకోండి. బలం 600 గ్రాములు, అది 75 సెం.మీ. ఎత్తున, అంటే 45 కిలో-సెంటీమీటర్లు. పొడుగు మూడు రెట్లు, మందం రెండు రెట్లు పెరిగితే భారం 18 రెట్లు అయింది.

ఇటు పట్టు సంగతి. 9 సెం.మీ. వెడల్పున్న బేస్ మీ టాప్‌ని 10 కిలోల బలంతో పట్టుకుంటే, అది వెనక అంచు మీద తిరగబడకుండా ఆపే శక్తి 10 గుణకారం 4.5, అంటే 45. పొట్టి విప్‌కి ఇది 18 రెట్లు ఎక్కువ, నిద్రపోవచ్చు. పొడుగు దానికి సరిగ్గా బొటాబొటీ. ఎదురుగాలి 36 కి.మీ. వీచిందంటే ఆంటెన్నాకి తగిలే గాలి 144, బలం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి దాదాపు 1.8 రెట్లు, అంటే ఊడినట్టే. లాంగ్‌డ్రైవ్ గారికి కావాల్సింది 145 మెగాహెర్ట్జే, దానికి పొట్టి విప్ చాలు, కాబట్టి గాలికి ఊడుతుందన్న భయం ఆయనకి అక్కర్లేదు.

లాంగ్‌డ్రైవ్:
చాలా ఉపయోగపడింది అండీ. కానీ నేను చూస్తున్న బేస్ అట్ట మీద 30 కిలోల పట్టు అని ఉంది. మీరు 10 ఎందుకు వేసుకున్నారు?

కొలిచిచూడు:
ఆ 30 మందపాటి ఇనుప దిమ్మ మీద కొలిచిన అంకె. కారు టాప్ రేకు 0.7, 0.8 మిల్లీమీటర్లు ఉంటుంది, అంత పల్చటి రేకు అయస్కాంత ప్రవాహాన్ని కొంతవరకే మోయగలదు, మిగతాది రేకు దాటి అవతలికి పోయి వృథా అవుతుంది. దానికి తోడు పెయింట్ మందం, టాప్ వంపు, మధ్యలో దుమ్ము. వంపు ఎక్కువున్న చోట పెద్ద బేస్ మధ్యలో మాత్రమే ఆని అంచులు గాల్లో ఉంటాయి. అందుకే అదే అయస్కాంతం ఒక కారు మీద రెండు చేతులతో లాగినా రాదు, ఇంకో కారు మీద ఒక చేత్తో వచ్చేస్తుంది. అట్ట చూసి కొనకండి, మీ టాప్ మీదే కొలవండి.

స్ప్రింగ్ త్రాసు కొక్కేన్ని బేస్ నుంచి 10 సెం.మీ. ఎత్తున విప్‌కి తగిలించి, అడ్డంగా వెనక్కి మెల్లగా లాగండి. ముందు అంచు లేచే క్షణంలో ముల్లు ఎక్కడుందో చూడండి. మీ పొట్టి విప్‌కి గాలి చేసే పని ఆ ఎత్తులో పావు కిలోతో సమానం, నాలుగు రెట్లు జాగ్రత్త పెట్టుకున్నా కిలో దాటితే చాలు. మీటరున్నర దానికి ఇదే లెక్కన 18 కిలోలు రావాలి, అది ఒక్క అయస్కాంతం బేస్‌తో దాదాపు అసాధ్యం.

హెచ్‌ఎఫ్_మొబైల్:
అందుకే హెచ్‌ఎఫ్ (తక్కువ ఫ్రీక్వెన్సీ, పొడుగు ఆంటెన్నా) వాడే మాలాంటివాళ్లు మూడు అయస్కాంతాల బేస్ పెట్టుకుంటారు. పట్టు మూడు రెట్లవడం ఒక లాభం అయితే, బేస్ వెడల్పు పెరిగి తిరగబడే అంచు దూరం జరగడం ఇంకో పెద్ద లాభం. అయినా సరే, పొడుగు హెచ్‌ఎఫ్ ఆంటెన్నాతో నేను హైవే ఎక్కను, ఆగి ఉన్నప్పుడు పెట్టుకుని మాట్లాడి తీసేస్తాను.

పెయింట్ కాపాడుకోవడానికి కింద పల్చటి ప్లాస్టిక్ షీట్ వేయమనే సలహా చాలామంది ఇస్తుంటారు, దాని మీద ఒక మాట. మ్యాగ్‌మౌంట్‌కి టాప్‌తో తీగ సంబంధం ఉండదు, బేస్‌కీ రేకుకీ మధ్య ఏర్పడే కెపాసిటర్ ద్వారానే గ్రౌండ్ (ఆంటెన్నా కరెంటు తిరిగొచ్చే దారి) దొరుకుతుంది. 9 సెం.మీ. బేస్, మధ్యలో 0.3 మి.మీ. పొర అనుకుంటే దాని అడ్డంకి 145 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 2 ఓమ్‌లు, లెక్కలోకి రాదు. 7 మెగాహెర్ట్జ్ దగ్గర అదే 40 ఓమ్‌లు అవుతుంది, అప్పుడు తిరుగు కరెంటు కోయాక్స్ (ఆంటెన్నా కేబుల్) పైతొడుగు మీదుగా మీ రేడియో దాకా వచ్చి మైక్ ముట్టుకుంటే జివ్వుమనిపిస్తుంది. పొర మందం పెంచితే ఇంకా పాడవుతుంది. వీహెచ్‌ఎఫ్ వాళ్లు పల్చటి షీట్ వేసుకోండి, మేం వేయలేం.

రేకుపని:
లెక్క బాగుంది, కాదనను. కానీ గాలి వల్ల ఊడినవి నేను చూసింది తక్కువ. చెట్టు కొమ్మ తగిలో, సెల్లార్ కప్పుకి తగిలో పడ్డవే ఎక్కువ. ఇంకొకటి ఎవరూ చెప్పట్లేదు, కేబుల్. డోర్ బీడింగ్ కింద నుంచి కేబుల్ లోపలికి తెస్తారు, వెనక సీట్లో కూర్చున్నవాళ్లు తలుపు తెరిచిన ప్రతిసారీ అది కొంచెం లాగుతుంది, బేస్ ఒక వేలు పక్కకి జరుగుతుంది. మీ 10 కిలోల పట్టు నిలువుగా లాగినప్పటి మాట, పక్కకి జారకుండా ఆపేది రాపిడి మాత్రమే, అది అందులో చిన్న వంతు. జరిగిన ప్రతిసారీ కింద ఇసుక పెయింట్‌ని కోస్తుంది. బీడింగ్ మధ్య నలిగిన కోయాక్స్‌లోకి నీళ్లు దిగితే ఎస్‌డబ్ల్యూఆర్ (ఆంటెన్నా రేడియోకి ఎంత సరిపోలిందో చెప్పే కొలత) కూడా పాడవుతుంది.

కొలిచిచూడు:
ఈ పోస్టు మొత్తానికి చప్పట్లు. కేబుల్‌ని రోజూ తెరిచే తలుపులోంచి కాకుండా డిక్కీ తలుపు పక్కనుంచి తేవాలి, లోపలికి దిగే ముందు కిందికి ఒక వంపు వదలాలి, నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. కొమ్మ విషయంలో మాత్రం నేను మ్యాగ్‌మౌంట్ వైపే. కొమ్మ గట్టిగా తగిలితే మ్యాగ్‌మౌంట్ పడిపోతుంది, బోల్టు బిగించిన మౌంట్ పడదు, ఆ దెబ్బ రేకు తింటుంది. అక్కడ స్ప్రింగ్ ఉన్న విప్ అయినా పెట్టుకోవాలి.

రేకుపని:
పడిపోయాక ఎక్కడికి పోతుంది? కేబుల్‌కి వేలాడుతూ తలుపు అద్దాన్ని బాదుతుంది, లేదా కేబుల్ తెగి వెనక బైక్ మీద వస్తున్న మనిషికి తగులుతుంది. బైక్ మనిషికి అద్దం కూడా అడ్డం ఉండదు. నాకు అసలు బాధ అక్కడే.

కొలిచిచూడు:
అందుకే తాడు. దాని పని ఆంటెన్నాని నిలబెట్టడం కాదు, పడ్డాక ఎవరి మీదికీ పోకుండా చూడటం. బేస్ మెడకి సన్నటి నైలాన్ తాడు బిగించి, రూఫ్ రెయిల్ ఉంటే దానికి, లేకపోతే తలుపు లోపల పిడికి కట్టండి. రెయిల్‌కి కట్టేది పొట్టిగా ఉండాలి, పడినా టాప్ మీదే పొర్లాలి, పక్క అద్దం దాకా జారకూడదు. లాగుడు పడితే ముందు తాడు బిగుసుకోవాలి, కోయాక్స్ ఇంకా వదులుగా ఉండాలి. కోయాక్స్‌నే తాడుగా నమ్ముకుంటే బేస్ అడుగున ఉన్న సోల్డర్ అతుకు మీద బరువంతా పడుతుంది.

టాప్‌అద్దం:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా కారు టాప్ దాదాపు అంతా గాజు, మిగిలిన అంచు అల్యూమినియం. నా సంగతేంటి?

హెచ్‌ఎఫ్_మొబైల్:
రెండింటికీ అయస్కాంతం అంటదు సర్. డిక్కీ తలుపు అంచుకి మరలతో పట్టే లిప్ మౌంట్ చూడండి, ఆ రేకు ఏదైనా మరల మొన పెయింట్ కిందికి దిగి లోహాన్ని తాకేలా బిగించాలి. మిగతావాళ్లకి కూడా ఒకటి: ఫ్రిజ్ మీద అంటించే మామూలు అయస్కాంతం టాప్ మీద పెట్టి చూడండి, కొనకముందే తెలిసిపోతుంది. నియోడైమియం బేస్ కొనేవాళ్లు వేడి కూడా గుర్తుంచుకోండి, మామూలు రకం 80 డిగ్రీలు దాటితే శాశ్వతంగా బలం కోల్పోతుంది, ఎండలో నిలిపిన నల్ల టాప్ ఆ దరిదాపులకి పోగలదు. పాత ఫెరైట్ అయస్కాంతానికి ఆ గొడవ లేదు, బరువు ఎక్కువ అంతే.

రేకుపని:
సరే, లాంగ్‌డ్రైవ్ గారూ, మీరు అయస్కాంతం వైపే మొగ్గుతున్నట్టు కనబడుతోంది కాబట్టి పెయింట్ బతికే పద్ధతి చెప్తాను. వారానికోసారి, వాన పడితే మర్నాడే తీయండి. పక్కకి జరపొద్దు, బేస్‌నే పట్టుకుని ఒక అంచు లేపి ఎత్తేయండి. టాప్‌ని నీళ్లతో కడిగి ఆరనివ్వండి. అయస్కాంతం అడుగున ఇనుప పొడి మీసంలా నిలబడి ఉంటుంది, గుడ్డతో తుడిస్తే అక్కడే తిరుగుతుంది తప్ప రాదు, జిగురు టేపుతో అద్ది లాగండి. మళ్లీ పెట్టేటప్పుడు కూడా అంచు ముందు ఆనించి మెల్లగా దించండి, టప్పున వదిలితే రేకు సొట్ట పడుతుంది. ఇదంతా చేసే ఓపిక లేకపోతే మాత్రం నా మొదటి మాటే, రంధ్రం వేయించండి, వేసేవాడికి లోపలి సీలింగ్ దించమని, పక్కన కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే కేబుల్ దాని ముందు నుంచి తేవద్దని గట్టిగా చెప్పండి.

లాంగ్‌డ్రైవ్:
ఇప్పుడే త్రాసు పెట్టి లాగాను. టాప్ మధ్యలో నాలుగు కిలోల దగ్గర అంచు లేచింది, వెనక వంపు దగ్గర పెడితే రెండున్నరకే లేచింది. మధ్యలోనే పెడుతున్నా, డిక్కీ వైపు నుంచి కేబుల్, రెయిల్‌కి తాడు. సెల్లార్‌లోకి దిగే ముందు ఆపి తీసేస్తాను.