చేపలు కొట్టడానికి మొదటి విల్లు: 60 పౌండ్ల కాంపౌండా, 40 పౌండ్ల రికర్వా?

కృష్ణలంక_ఫ్రిస్కో:

అందరికీ నమస్తే. మాది విజయవాడ, ఇప్పుడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాం. చిన్నప్పుడు రెండేళ్ళు రికర్వ్‌తో (కొనలు ముందుకి వంగి ఉండే విల్లు) విలువిద్య నేర్చుకున్నాను, 30 మీటర్ల దాకా కొట్టేవాడిని, ఇంటర్‌కి వచ్చాక ఆగిపోయింది. మొన్న ఆఫీసులో ఒకాయన తన బోటులో లేక్ లావాన్‌కి తీసుకెళ్ళి బాణంతో చేపలు కొట్టడం చూపించాడు. మోకాలి లోతు నీళ్ళు, ఒడ్డు గడ్డి కదులుతోంది, అందులోంచి ఒక బంగారుతీగ వీపు పైకి తేలింది. ఆయన విల్లు ఎత్తడం, లాగడం, వదలడం అన్నీ ఒక్క ఊపులో అయిపోయాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతి. తెలిసినాయన ఒకరు లాగడానికి 60 పౌండ్ల బలం పట్టే పాత హంటింగ్ కాంపౌండ్ (కొనల్లో చక్రాలుండే వేట విల్లు) 150 డాలర్లకు ఇస్తానంటున్నారు. దానికి బాణానికి కట్టే తాడు చుట్టుకునే రీల్ ఒకటి బిగించుకుంటే సరిపోతుందా, లేక 40 పౌండ్ల రికర్వ్ కొత్తది కొనుక్కోవాలా? రీళ్ళలో ఏది మంచిది? నాది కుడిచేతి వాటం, కానీ ఎడమ కన్ను బలమని అప్పట్లో కోచ్ అనేవారు, దాని సంగతి కూడా చెప్పండి. ఇంకొకటి, నీళ్ళలో ఎంత కిందకి గురి పెట్టాలో ఎవరైనా లెక్కగా చెప్తే బాగుంటుంది.

బురదకాళ్ళు:

ఆ కాంపౌండ్ తీసుకోకండి. మంచి విల్లే అయి ఉండొచ్చు, కానీ ఈ పనికి పనికిరాదు. 2023 హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచింది కాంపౌండ్‌తోనే, అందులో గొప్ప సౌకర్యం ఏంటంటే పూర్తిగా లాగాక కొనల్లోని చక్రాలు (క్యామ్‌లు) తిరిగి చేతిమీద బరువు బాగా తగ్గిపోతుంది, కాసేపు పట్టుకుని నిదానంగా గురి చూసుకోవచ్చు. చేప అంతసేపు ఆగదు. అది కనపడిన క్షణంలో సగం లాగి వదలాల్సి రావొచ్చు, మూడొంతులు లాగి వదలాల్సి రావొచ్చు, హంటింగ్ కాంపౌండ్‌తో అలా వదిలితే ఒక్కో దెబ్బ ఒక్కో రకంగా పోతుంది. పైగా వాటిని నారిని పట్టి వదిలే, ట్రిగ్గర్ ఉన్న రిలీజ్ అనే పరికరంతో లాగడానికి పొట్టిగా చేస్తారు, వేళ్ళతో లాగితే నారి వేళ్ళను నొక్కేస్తుంది. చేపలకోసమే చేసే కాంపౌండ్లు వేరే ఉన్నాయి, వాటిలో మొదటినుంచి చివరిదాకా బరువు దాదాపు ఒకేలా ఉంటుంది. కానీ రికర్వ్ అలవాటున్న మీకు వాటి అవసరం లేదు.

పౌండ్ల సంగతి. ఎక్కువైతే మంచిదనుకుంటారు చాలామంది. రెండడుగుల నీళ్ళలో 60 పౌండ్లతో కొడితే తప్పిన ప్రతిసారీ బాణం బురదలో లోతుగా దిగిపోతుంది, దాన్ని లాక్కునేసరికి తాడు చేతిని కోస్తుంది, చేపలన్నీ చెదిరిపోతాయి. బంగారుతీగకీ, బఫెలో చేపకీ 35–40 చాలు. గార్ అనే పొడుగు మూతి చేప పొలుసు రాయిలా ఉంటుంది, దానికైతే 45–50 కావాలి, అది తర్వాత చూసుకోవచ్చు. ఇంకో మాట, రికర్వ్ మీద రాసే పౌండ్లు 28 అంగుళాలు లాగినప్పటి లెక్క. మీరు లాగేది 26 అయితే 40 రాసి ఉన్న విల్లు మీ చేతిలో సుమారు 35 అవుతుంది. కాబట్టి ముందు మీ డ్రా, అంటే నారి ఎంత దూరం లాగుతారో, కొలిపించుకోండి.

భాగాలుగా విడదీయగల టేక్‌డౌన్ రకం తీసుకోండి, రేపు గార్‌కి వెళ్ళాలనుకుంటే లింబ్‌లు (పైనా కిందా వంగే రెక్కలు) మాత్రం మార్చుకోవచ్చు. కొనేముందు రైజర్ (చేత్తో పట్టుకునే మధ్యభాగం) చూడండి, ముందువైపు విల్లు కుదురుగా ఉండటానికి పెట్టే స్టెబిలైజర్ కడ్డీ బిగించే మరరంధ్రం, పక్కన గురి చూసే సైట్ బిగించే రెండు రంధ్రాలు ఉన్నాయా లేదా అని. అవి లేని విల్లుకి రీల్ బిగించాలంటే టేపులూ తంటాలూ పడాలి. బాణం జారిపోకుండా పట్టుకునే ఫిషింగ్ రెస్ట్ ఒకటి, నారికి తొడిగే రబ్బరు ఫింగర్ సేవర్లు ఒక జత తీసుకుంటే విల్లువరకు సరుకు అయిపోయినట్టే. సైట్ బిగించకండి. నారి ఎక్కించేటప్పుడు మాత్రం స్ట్రింగర్ అనే సాయం తాడు వాడండి, కాలికింద తొక్కి ఎక్కిస్తే లింబ్ మెలితిరుగుతుంది.

కన్ను విషయానికొస్తే, సైట్ లేదు కాబట్టి ఇక్కడ కన్నే సైట్. రెండు చేతులతో చిన్న త్రికోణం చేసి దూరంగా ఉన్న స్విచ్‌బోర్డు దాంట్లోంచి చూడండి, ఒక్కో కన్నూ మూయండి, ఏ కన్ను మూస్తే బోర్డు మాయమవుతుందో అది మీ బలమైన కన్ను. ఎడమ అని తేలితే దగ్గర్లో రేంజ్‌కి వెళ్ళి ఎడమచేతి విల్లు ఒక గంట అద్దెకు తీసుకుని కొట్టి చూడండి. అది కుదిరితే ఎడమచేతి విల్లే కొనండి, రీల్ కూడా ఎడమచేతి విల్లుకి సరిపోయేదే అడగండి.

ట్రినిటీ_ఒడ్డు:

విల్లు గురించి పైన అన్నీ చెప్పేశారు. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది తాడు. రీల్ నుంచి వచ్చే తాడుని బాణం వెనక, నాక్ (నారికి తగిలించే గాడి) దగ్గర ఉన్న రంధ్రానికి ఎప్పుడూ కట్టకండి. నేను మొదట కొన్న సామాను దుకాణంవాళ్ళే బిగించి ఇచ్చారు, అలా వెనక కట్టే ఇచ్చారు, నాకు తెలియక రెండువారాలు అలాగే కొట్టాను. మూడో శనివారం బాణం లాగినప్పుడు తాడు కూడా నారితోపాటు వెనక్కి వచ్చి నా వాచీ పట్టీకి తగులుకుంది. వదిలాను. బాణం మూడు గజాలు వెళ్ళి తాడు బిగుసుకుని తిరిగి నావైపే వచ్చింది. భుజం పక్కనుంచి పోయి వెనకున్న ఐస్‌పెట్టె మూతలో దిగింది. ఆ పెట్టె పక్కన మా అబ్బాయి కూర్చుని ఉన్నాడు. ఇంటికొచ్చేదాకా మాట రాలేదు నాకు.

అందుకే సేఫ్టీ స్లైడ్ వాడండి. చిన్న వస్తువు, బాణం కర్రమీద ముందుకీ వెనక్కీ జారుతుంది, తాడు దానికి కడతాం. విల్లు లాగినప్పుడు స్లైడ్ రైజర్‌కి ముందే ఉంటుంది, అంటే తాడు మీ చేతివైపు రాదు, నారివైపు రాదు. బాణం వెళ్ళాక అది జారి వెనకున్న స్టాపర్ దగ్గర ఆగుతుంది. ప్రతి దెబ్బకి ముందు ఒక్కసారి కిందకి చూడండి, స్లైడ్ ముందుందా, తాడు రెస్ట్ చుట్టూగానీ వేలికిగానీ చుట్టుకుందా అని. వాచీ, కంకణం, వదులు చొక్కా చేతులు ఇవేమీ వద్దు.

రీల్ అడిగారు కదా. మామూలు గాలం రీల్‌లా ఉండే స్పిన్‌క్యాస్ట్ తొందరగా చుడుతుంది, కానీ కొట్టేముందు దాని బటన్ నొక్కి తాడు వదులు చేయాలి. కంగారులో మర్చిపోతే నేను పైన చెప్పినట్టే బాణం వెనక్కి రావొచ్చు, లేదా తాడు తెగి బాణం పోవచ్చు. మొదటి రీల్‌గా ఏఎమ్ఎస్ రిట్రీవర్ లాంటి బాటిల్ రీల్ తీసుకోండి. తాడు సీసాలో ఊరికే పడి ఉంటుంది, నొక్కాల్సిన బటన్ ఏదీ లేదు, బాణంతోపాటు దానంతటది వెళ్ళిపోతుంది. చుట్టేటప్పుడు మాత్రం ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని తిప్పాలి, నెమ్మదే, అయినా పర్వాలేదు. పెద్ద చేపను చేత్తో లాగాలి కాబట్టి గ్లవ్స్ తప్పనిసరి.

బాణాలు ఫైబర్‌గ్లాస్‌వి, ఈకలు ఉండవు. కొట్టేముందు ప్రతిసారీ కొద్దిగా వంచి చూడండి, పగులు వచ్చిన కర్ర చేతిలోనే చీలిపోతుంది. ములికి ప్రతి రెండు మూడు దెబ్బలకి ఒకసారి బిగించుకోవాలి. చేపను వదిలించాలంటే ములికిని రెండు చుట్లు వదులు చేస్తే చేపను పట్టి ఉంచే దాని ముళ్ళు ముందుకి తిరుగుతాయి, చేప జారి వచ్చేస్తుంది.

లెక్కల_మాస్టారు_హ్యూస్టన్:

గురి గురించి నేను చెప్తాను. నీళ్ళ వక్రీభవన గుణకం 1.33, కాబట్టి నిటారుగా పైనుంచి చూస్తే నాలుగడుగుల లోతులో ఉన్న చేప మూడడుగుల్లో ఉన్నట్టు కనిపిస్తుంది. అయితే అలా తల కిందే ఉంటే నేరుగా దానిమీదకే కొట్టండి, లోతు మోసం చేస్తుంది గానీ దిశ మారదు. వాలుగా చూసేకొద్దీ తేడా పెరుగుతుంది, ఒడ్డున నిలబడి దూరంగా చూస్తే ఇంకా ఎక్కువ. ఈ బోట్లమీద ఎత్తుగా అరుగులాంటి ప్లాట్‌ఫామ్ కట్టేది ఇందుకూ, చేపలు బాగా కనపడటానికీ.

అందరూ వాడే కొండగుర్తు ఒకటుంది: చేప పది అడుగుల దూరంలో, ఒక అడుగు లోతులో ఉంటే నాలుగు అంగుళాలు కిందకి. దూరం రెట్టింపైతే కిందకి దించేదీ రెట్టింపు, లోతు రెట్టింపైనా అంతే. ఖచ్చితమైన సూత్రం కాదిది, చేతికి అలవాటయ్యేదాకా ఆసరా. మొదట్లో 15 అడుగులు దాటిన చేప జోలికి పోకండి. పోలరైజ్డ్ కళ్ళద్దాలు లేకుండా అసలు వెళ్ళొద్దు, మెరుపు తప్ప ఏమీ కనపడదు.

సాధనకి ఖాళీ సీసాలో సగం ఇసుక పోసి, రాళ్ళు లేని మెత్తటి అడుగున్న చోట ముంచి పెట్టి, నాలుగు దిక్కులనుంచీ కొట్టండి. సీసాకి దారం కట్టడం మరవకండి, చివర్లో బయటికి తీయాలి కదా. మీరు నేర్చుకున్న ఫామ్‌లో గడ్డం కింద చేయి ఆనించి (యాంకర్ చేసి) ఊపిరి బిగపట్టే అలవాటు వదలాలి, అదే కష్టం. రెండు కళ్ళూ తెరిచి ఉంచండి.

పులుసు_ప్రియ:

నేను విల్లు పట్టను, మావారు తెచ్చినవి వండుతాను, కాబట్టి ఇది నా వంతు. టెక్సస్‌లో బాణంతో నాన్‌గేమ్ చేపలనే, అంటే రాష్ట్రం గేమ్ చేపలుగా లెక్కించని వాటినే కొట్టాలి, బ్లూ, ఛానెల్, ఫ్లాట్‌హెడ్ క్యాట్‌ఫిష్ మూడూ గేమ్ చేపలే, మన వాలుగలా ఉందని మురిసిపోయి కొట్టారో జరిమానా. ఫిషింగ్ లైసెన్స్ ఉండాలి. ఎలిగేటర్ గార్ రోజుకి ఒక్కటే, కొట్టాక 24 గంటల్లో రాష్ట్ర వన్యప్రాణి శాఖ (పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్) వాళ్ళకి తెలపాలి. గడ్డి చేప కొన్ని చెరువుల్లో కలుపు తినడానికి అనుమతి తీసుకుని వదిలినది, అక్కడ దాన్ని ముట్టుకోకూడదు. మీరు వెళ్ళే చెరువు నియమాలు ముందురోజు చదవండి.

ఇంకా పెద్ద విషయం, గార్ జన తినకూడదు. మనవాళ్ళకి చేప జన అంటే ప్రాణం, పెద్ద చేపలో అంత జన కనపడితే వేపుడు చేసేయాలనిపిస్తుంది, కానీ గార్ గుడ్లు విషం. ఎవరికైనా చేప ఇస్తే ఈ మాట కూడా చెప్పి ఇవ్వండి. అలాగే డాలస్ దగ్గర ట్రినిటీ నది చేపలమీద పీసీబీలు, డయాక్సిన్లు అనే విష రసాయనాల గురించి రాష్ట్ర ఆరోగ్యశాఖ హెచ్చరిక ఉంది. తినలేని చోట చేపను ఎందుకు కొట్టడం? గాలానికి పడిందైతే వదిలేయొచ్చు, బాణం దిగిందాన్ని వదలలేం. బిగ్‌మౌత్ బఫెలో వందేళ్ళు పైబడి బతుకుతుందని 2019లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. అలాంటి చేపలను కుప్పలు పోసి ఫొటో దిగి ఒడ్డున పారేసేవాళ్ళను చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. మా ఇంట్లో లెక్క రెండు చేపలు, ఆ పూటకి అంతే. బంగారుతీగకి సన్నముళ్ళు ఎక్కువ, చర్మందాకా తెగకుండా దగ్గరదగ్గరగా గాట్లు పెట్టి వేయించండి, పులుసుకైతే వీపు ముక్కలు వాడండి.

కృష్ణలంక_ఫ్రిస్కో:

అందరికీ చాలా థ్యాంక్స్. త్రికోణం పరీక్ష చేశాను, ఎడమ కన్నే. నిన్న రేంజ్‌లో ఎడమచేతి విల్లుతో గంటన్నర కొట్టాను, మొదటి అరగంట చేయి వణికింది, తర్వాత దారిలో పడింది. నా డ్రా 27 అంగుళాలట. 40 పౌండ్ల ఎడమచేతి టేక్‌డౌన్, బాటిల్ రీల్, స్లైడ్ ఉన్న బాణాలు మూడు ఆర్డర్ పెట్టాను. కాంపౌండ్ వద్దని ఆయనకు చెప్పేశాను. ప్రియ గారూ, జన సంగతి మా అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పాను, వచ్చే నెల ఇక్కడికే వస్తోంది.

బురదకాళ్ళు:

బాగుంది. ఒక్కటి మర్చిపోయాను, ఫింగర్ సేవర్లు నారికి తొడగాలంటే ముందు నారి దించాలి, ఒకటి నాక్ పైన, ఒకటి కింద రావాలి. విల్లు రాగానే అదే మొదట చేసుకోండి, తర్వాత రెస్ట్ బిగించండి.