గడువు తీరిన ఎక్స్‌పీకి ప్యాచ్ ఇవ్వడం సరైన పనేనా?

పాత అడ్మిన్, హైదరాబాద్:
2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ తన పాత ఆపరేటింగ్ సిస్టమ్ విండోస్ ఎక్స్‌పీకి సపోర్ట్ ఆపేసింది. మూడు వారాలు కూడా తిరగలేదు, వాళ్ల బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 నుంచి 11 దాకా అన్నిట్లో ఒక లోపం ఉందని, దాని మీద అప్పటికే దాడులు జరుగుతున్నాయని బయటపడింది. మే 1న ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే అప్‌డేట్ వచ్చింది, ఎక్స్‌పీకి కూడా ఇచ్చారు. అది తప్పని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఏళ్ల ముందే గడువు చెప్పి, మొదటి నెలలోనే సడలిస్తే ఆ తేదీకి విలువేముంది? కొత్త సిస్టమ్‌లకు డబ్బు అడిగితే మా మేనేజర్ ఆ వార్తే చూపించాడు. "అవసరమైతే వాళ్లే ఇస్తారులే" అన్నాడు. ఇంకో ఏడాదిన్నర ఎక్స్‌పీతోనే నెట్టుకొచ్చాం.

టెండర్ల పని, విజయవాడ:
అడ్మిన్ గారూ, మారనివాళ్లందరూ బద్ధకస్తులు కాదండీ. మేం టెండర్లు వేసే సైట్‌లో డిజిటల్ సిగ్నేచర్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప పనిచేసేది కాదు. ప్యాచ్ వచ్చేదాకా వేరే బ్రౌజర్ వాడమని అమెరికా ప్రభుత్వ సంస్థే చెప్పింది. మేం అలా చేస్తే బిడ్ అప్‌లోడ్ అవ్వదు. ఆఖరి రోజు సాయంత్రం ఆ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుస్తుంది.

లోపం కూడా చిన్నది కాదు. బ్రౌజర్ మెమరీలో ఒక చోటు ఖాళీ చేసి కూడా, అక్కడ పాతదే ఉందనుకుని మళ్లీ అక్కడికే వెళ్లేది. ఈలోపు దాడి చేసేవాడు తన డేటా అక్కడ పెట్టేస్తే కంప్యూటర్ వాడి చేతికి చిక్కినట్టే. దేన్నీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు, పేజీ తెరిస్తే చాలు.

కొత్త సభ్యుడు:
మొదటి దాడులు 9, 10, 11 వెర్షన్ల మీదే కదా? ఎక్స్‌పీలో 8 దాటి రాదు. మరి అంత తొందర దేనికి?

టెండర్ల పని, విజయవాడ:
మొదట అంతే. కానీ లోపాన్ని కనిపెట్టిన ఫైర్‌ఐ సంస్థే, ఎక్స్‌పీలోని 8వ వెర్షన్ మీద కూడా దాడి మొదలైందని కొద్ది రోజుల్లోనే చెప్పింది.

నాకు అసలు బాధ డబ్బు దగ్గర. గడువు తర్వాత కూడా డబ్బు కట్టినవాళ్లకు ఎక్స్‌పీ ప్యాచ్‌లు అందుతూనే ఉండేవి. బ్రిటన్ ప్రభుత్వం ఒక్క ఏడాదికి సుమారు 55 లక్షల పౌండ్లు కట్టింది. అంటే మందు తయారవుతూనే ఉండేది. కట్టలేని చిన్న ఆఫీసుకు అది ఇవ్వకూడదనడం ఏ న్యాయం?

పాత అడ్మిన్, హైదరాబాద్:
డబ్బు మాట ఒప్పుకుంటాను, ఆ కోణంలో నేను ఆలోచించలేదు. కానీ 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు ఎక్స్‌పీకి మళ్లీ ప్యాచ్ ఇచ్చారు. మినహాయింపు అలవాటైపోయింది. అందుకే జనం కదల్లేదు.

టెండర్ల పని, విజయవాడ:
అప్పుడు దెబ్బతిన్నవాటిలో ఎక్కువ విండోస్ 7వే, ఎక్స్‌పీవి కావు. వాటికి మార్చిలోనే ప్యాచ్ వచ్చింది. రెండు నెలలైనా చాలామంది వేయలేదు. అది గడువు సడలించినందుకు జరిగిందా అడ్మిన్ గారూ?