అమ్మాయిని కుస్తీకి పంపడం: టీవీలో చూసేదీ, మ్యాట్ మీద జరిగేదీ

ప్రశ్న (వరంగల్ నుంచి ఒక తల్లి)

అందరికీ నమస్కారం. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి టీవీలో వచ్చే వినోద కుస్తీ డబ్ల్యూడబ్ల్యూఈ చూసి చూసి, అందులో పోటీపడే రియా రిప్లీకి వీరాభిమాని అయింది. ఇప్పుడు తానూ కుస్తీ నేర్చుకుంటానని పట్టుబట్టింది. అదంతా ఉత్తుత్తి తమాషా అని, ఆడపిల్లకు తగదని మా అత్తగారు అంటున్నారు. మా వారేమో ఒలింపిక్స్‌లో ఉండేదీ ఇదే కదా అంటున్నారు. రెండింటికీ తేడా ఏమిటో, పిల్లను చేర్పించే ముందు ఏయే విషయాలు చూసుకోవాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

మొదటి జవాబు (కుస్తీ శిక్షకుడు, విశ్రాంత)

అమ్మా, మీ వారు అనుకుంటున్నట్టు అవి రెండూ ఒకటి కావు. ఒలింపిక్స్‌లో మహిళల కుస్తీ 2004 ఏథెన్స్ క్రీడల్లో నాలుగు బరువు విభాగాలతో మొదలై, నేడు ఆరు విభాగాలకు చేరింది. మూడేసి నిమిషాల రెండు విడతలుంటాయి. ప్రత్యర్థి భుజాలు రెండూ మ్యాట్‌కు ఆనించి అదిమిపట్టినా, పది పాయింట్ల ఆధిక్యం సాధించినా పోటీ అక్కడితో ముగుస్తుంది.

2016 రియోలో సాక్షి మలిక్ కాంస్య పోరును అమ్మాయితో కలిసి ఒకసారి చూడండి. మొదటి విడత ముగిసేసరికి 0-5తో వెనకబడిన మనిషి, రెండో విడతలో పదేపదే ప్రత్యర్థి కాళ్లను అందుకుంటూ, గడియారంలో కొద్ది సెకన్లే మిగిలి ఉండగా ఆధిక్యంలోకి వచ్చింది. అవతలి పక్షం ఆ నిర్ణయాన్ని సవాలు చేసి ఓడిపోవడంతో ఇంకో పాయింటు కలిసి 8-5 అయింది. మన దేశపు మహిళా కుస్తీకి అదే మొదటి ఒలింపిక్ పతకం. ఊపిరి అందని స్థితిలో కూడా పట్టు తప్పకపోవడమే ఈ విద్యలో అసలైన కష్టం, అసలైన అందం కూడా.

రెండో జవాబు (హైదరాబాద్ పాఠకురాలు)

అత్తగారి మాటను నేను గౌరవంగానే కాదంటాను. వినోద కుస్తీలో గెలుపోటములు ముందే నిర్ణయమై ఉంటాయన్నది నిజమే, కానీ పడటం మాత్రం నిజంగా పడటమే. గడ్డాన్ని ఛాతీకి ఆనించి, వీపంతా ఒకేసారి నేలను తాకేలా, చేతులతో నేలను చరుస్తూ దెబ్బను ఒళ్లంతా పంచుకోవడాన్ని నెలల తరబడి సాధన చేస్తే గాని ఎవరినీ బరిలోకి దించరు. అక్కడ కూడా ఆడవాళ్లు తమ చోటును పోరాడే సంపాదించుకున్నారు. చాలా కాలం వాళ్లకు దక్కినవి రెండు మూడు నిమిషాల పోటీలే. డబ్ల్యూడబ్ల్యూఈ ఏటా జరిపే అతిపెద్ద వేడుక రెసిల్‌మేనియాలో ఆఖరి ప్రధాన పోటీ మహిళలకు మొదటిసారి దక్కింది 2019లో. హర్యానాకు చెందిన కవితా దేవి 2016 దక్షిణాసియా క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ స్వర్ణం గెలిచి, మరుసటి ఏడాది సల్వార్ కమీజ్‌లోనే ఆ బరిలో దిగింది. 2023 సెప్టెంబరులో మన గచ్చిబౌలిలో రిప్లీ పోటీపడినప్పుడు జనం కేకలతో స్టేడియం దద్దరిల్లింది. మీ అమ్మాయి ఇష్టపడినది చిన్న విషయమేమీ కాదు. ముందు ఆటను నేర్చుకోనివ్వండి. అమెరికాకు చెందిన రోండా రౌసీ జూడోలో ఒలింపిక్ కాంస్యం గెలిచాకనే వినోద కుస్తీ వైపు వెళ్లింది కదా.

మూడో జవాబు (కుస్తీ నేర్చుకుంటున్న అమ్మాయి తండ్రి)

పై ఇద్దరూ చెప్పని విషయం బరువు. 2024 పారిస్‌లో వినేశ్ ఫొగాట్, అంతర్జాతీయ పోటీల్లో అప్పటిదాకా ఓటమి ఎరుగని జపాన్ మల్లయోధురాలు యుయి సుసాకిని ఓడించి ఫైనల్‌కు చేరి, మర్నాటి ఉదయం 50 కిలోల విభాగంలో కేవలం 100 గ్రాములు ఎక్కువ తూగినందుకు అనర్హురాలైంది. అంతటి అనుభవజ్ఞురాలికే అంత కఠినమైన లెక్క ఇది. ఎదిగే పిల్లను పస్తులుంచి, నీళ్లు మాన్పించి తక్కువ విభాగంలో దింపుదామనే శిక్షకుడు కనబడితే, ఎంత పేరున్నవారైనా సరే, వెనక్కి వచ్చేయండి. తిండి తగ్గితే ముందు దెబ్బతినేది నెలసరి, ఎముకల ఎదుగుదల.

చేర్పించే ముందు మీరే వెళ్లి ఒక సాయంత్రం అక్కడ కూర్చోండి. మ్యాట్‌ను రోజూ క్రిమిసంహారకంతో తుడుస్తున్నారో లేదో చూడండి, లేకపోతే తామర తప్పదు. అమ్మాయిలకు వేరుగా బట్టలు మార్చుకునే గది, మహిళా శిక్షకురాలు ఉన్నారా అని మొహమాటపడకుండా అడగండి. 2023లో దేశంలోని అగ్రశ్రేణి మల్లయోధురాళ్లే లైంగిక వేధింపుల ఫిర్యాదుతో జంతర్ మంతర్ దగ్గర వారాల తరబడి కూర్చోవలసి వచ్చింది. కాబట్టి ఆ ప్రశ్న అడిగే హక్కు ప్రతి తల్లికీ ఉంది. సాటి అమ్మాయిలు తక్కువైతే అబ్బాయిలతో సాధన చేయిస్తారు. అందులో తప్పేమీ లేదు, బరువు, వయసు సరిపోతున్నాయో చూసుకుంటే చాలు.