‘సమగ్ర వికాసం’ ఫారాలు నింపేవాళ్లెవరైనా ఉన్నారా? 24 మందికి మార్కులు వేయాలి

మిర్యాలగూడ మేడం
అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ. తొమ్మిదేళ్లుగా బెంగళూరులో ఒక క్రైస్తవ యూనివర్సిటీలో కామర్స్ చెబుతున్నాను. సెలవులకి ఇంటికొస్తే నాతోపాటు 24 ఫారాలు కూడా వచ్చాయి. నేను మెంటర్‌గా ఉన్న పిల్లలు 24 మంది. ఒక్కొక్కరి ‘సమగ్ర వికాసం’ మీద నాలుగేసి పేజీలు నింపాలి.

గడులు నాలుగు: మేధ, శరీరం, ఆధ్యాత్మికం, సామాజికం. ఇవి ఎక్కడివో మిషన్ కాలేజీల్లో పనిచేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. లూకా సువార్త రెండో అధ్యాయం చివర బాల యేసు జ్ఞానంలోనూ, వయసులోనూ, దేవుడి దయలోనూ, మనుషుల దయలోనూ పెరిగాడని ఒక్క వాక్యం ఉంటుంది. దాన్నే నాలుగు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ 1 నుంచి 5 దాకా స్కేలు తగిలించారు.

మేధ సులువే, మార్కులు ఎలాగూ ఉన్నాయి. శరీరం అంటే ఆటలు, హెల్త్ చెకప్. మూడో గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. నా పిల్లల్లో సగానికి పైగా హిందువులు, ముగ్గురు ముస్లింలు. “చాపెల్ హాజరు చూసి వేసేయండి” అన్నారు మా కోఆర్డినేటర్ (చాపెల్ అంటే క్యాంపస్‌లో జరిగే ప్రార్థన). నాలుగో గడికి సేవా గంటలు చూడాలట.

అక్కడే అసలు చిక్కు. మన చందంపేట వైపు తండా నుంచి వచ్చిన అమ్మాయి ఒకతి ఉంది. సేవా గంటలు సున్నా. డిసెంబర్ సెలవుల్లో పెట్టిన క్యాంపుకి రాలేదు. ఎందుకని అడిగితే “ఇంట్లో పనుంది మేడం” అంది, అంతే. స్కేలు ప్రకారం ఆమెకి 1 పడాలి. నాకు చేయి రావట్లేదు. ఈ నెల 20 గడువు. మా ఆయనేమో “అందరికీ 4 వేసి పడుకో” అంటున్నాడు. మీరెవరైనా ఇలాంటివి నింపి ఉంటే చెప్పండి.

పానగల్లు పెద్దసారు
అమ్మా, మీ ఆయన చెప్పిన పని మేం ఏళ్ల తరబడి చేశాం. హైస్కూల్ హెడ్మాస్టర్‌గా రిటైరయ్యాను. పదో తరగతికి సీసీఈ (ఏడాది పొడవునా అన్ని వైపుల నుంచీ పిల్లల్ని చూసి మార్కులేసే పద్ధతి) వచ్చినప్పుడు 80 బయటి పరీక్షకి, 20 లోపలి మార్కులకి అన్నారు. ఆ 20కి పిల్లల భాగస్వామ్యం, రాతపని, ప్రాజెక్టు, లఘుపరీక్ష. ఆలోచన మంచిదే. కానీ ప్రాజెక్టులు నెట్ సెంటర్‌లో రెడీమేడ్‌గా దొరికేవి. ఒకే చెరువు మీద ఒకే వ్యాసం, ఒకే అచ్చుతప్పుతో పదకొండు మంది తెచ్చిచ్చారు నాకు. అందరికీ 20కి 20. పక్క బడివాళ్లు వేస్తుంటే మనం 14 వేసి మన పిల్లల్ని ముంచుతామా?

ఇంకో సంగతి. మెమోలో విలువల విద్యకి కూడా గ్రేడ్ ఉండేది. మా దగ్గర ఒక సారు నిజాయితీగా ఒక పిల్లాడికి బీ గ్రేడ్ వేశాడు. మర్నాడు పొద్దున్నే తల్లి వచ్చింది. కూలికి పోయే మనిషి, ఆ పూట పని మానుకుని వచ్చింది. “లెక్కల్లో తక్కువేస్తే నేనడగను సారూ. విలువల్లో తక్కువేసిన్రంటే మా పోరడు దొంగనా?” అంది. ఆ సారు దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. ఆ సాయంత్రమే ఏ గ్రేడ్ అయింది.

గుణానికి అంకె వేస్తే అది తీర్పులాగే వినిపిస్తుంది. మీ ఫారంలో ‘వ్యాఖ్య’ అనే గడి ఉంటే దాన్ని వాడండి.

కోస్గి కుర్రోడు
నేను అవతలి వైపు నుంచి చెప్తా. హైదరాబాద్‌లో ఒక క్రైస్తవ కాలేజీలో డిగ్రీ చేశాను. 60 సేవా గంటలు లేకపోతే సర్టిఫికెట్ ఇవ్వమన్నారు. మేం ఆరుగురం ఒక డజను అరటిపండ్లు కొని వృద్ధాశ్రమానికి పోయేవాళ్లం. ఒక్కొక్కడూ అదే తాతకి అదే పండు ఇస్తూ ఫొటో. ఆరో ఫొటోకి ఆ తాత “ఇగ నన్ను తిననియ్యిరి బిడ్డా” అన్నాడు. ఒక్కొక్కరికి నాలుగు గంటలు రాశారు. ఉన్నది అరగంట.

అదే కాలేజీలో హాస్టల్ వార్డెన్ ఫాదర్ ఒకాయన ఉండేవారు. నా రూమ్మేట్‌కి డెంగ్యూ వస్తే అర్ధరాత్రి నన్ను లేపి ఆసుపత్రికి తీసుకెళ్లి, “వాళ్లమ్మ వచ్చేదాకా నువ్వే” అని కూర్చోబెట్టి పోయారు. రెండు రాత్రులు. ప్లేట్‌లెట్లు అంటే ఏంటో, నర్సుతో ఎలా మాట్లాడాలో, భయపడుతున్న మనిషికి అబద్ధం చెప్పకుండా ధైర్యం ఎలా చెప్పాలో అప్పుడు తెలిసింది. మా నాన్న బొంబాయి పోయిన పాలమూరు లేబర్. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆయనకి అక్కడ కాలు విరిగితే పక్కన ఎవరో తెలియని మనిషి కూర్చున్నాడట. ఆ రాత్రి ఆ మనిషి గుర్తొచ్చాడు. ఆ రెండు రాత్రులకి సేవా గంటలు అడగాలని నాకు తట్టలేదు, ఎవరూ రాయనూలేదు.

మేడం, ఆ అమ్మాయిని ‘ఇంట్లో పని’ అంటే ఏం పనో ఇంకోసారి అడగండి. మా ఊళ్లలో ఆ మాట వెనక చాలా ఉంటుంది.

సూర్యాపేట నాన్న
నాకు తెల్వక అడుగుతున్న, ఏమనుకోకండి. లక్షలు కట్టి పంపేది పిల్లాడికి ఉద్యోగం కోసం. గుణం ఇంట్లో మేం నేర్పమా? ఈ ఫారాలన్నీ కాలేజీలకి గ్రేడ్లిచ్చే నాక్ వాళ్లకి చూపించే ఫైళ్ల కోసమే అని మావాడే చెప్పిండు.

అయితే ఒక ముచ్చట మాత్రం ఒప్పుకోవాలి. మొన్న సెలవుల్లో వచ్చి తిన్న కంచం తనే కడిగిండు. ఇరవై ఏండ్లల్ల మొదటిసారి. మా ఆవిడ నా దిక్కు చూసింది. నేను టీవీ దిక్కు చూసిన.

జడ్చర్ల పాస్టర్
వందనాలు. మేడం, మీరు లూకా అన్నారు, నేను మత్తయి ఆరో అధ్యాయం అంటాను. ప్రార్థన చేసేటప్పుడు గదిలోకి వెళ్లి తలుపు వేసుకో, దానం చేసేటప్పుడు కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియనివ్వకు అని యేసు చెప్పింది అక్కడే. ఆయన పేరు మీద కట్టిన యూనివర్సిటీలో ప్రార్థనకి బయోమెట్రిక్, సేవకి ఎక్కడ తీశారో చూపే జియో-ట్యాగ్ ఫొటో! నాకు నవ్వూ వస్తుంది, బాధా కలుగుతుంది.

మా అమ్మ ఇక్కడి మెనొనైట్ బ్రెదరన్ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసింది. నైట్ డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడవకుండానే గడపలో కూర్చుని కాసేపు కళ్లు మూసుకునేది. అది ప్రార్థనో నిద్రో నాకు ఇప్పటికీ తెలియదు. మీ స్కేలు మీద ఎంత వేస్తారు?

హాజరు విషయంలో చట్టం కూడా ఉంది. రాజ్యాంగం 28వ అధికరణంలో మూడో క్లాజు చూడండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థలో ఎవరినీ వాళ్ల సమ్మతి లేకుండా మతబోధకి గానీ ఆరాధనకి గానీ హాజరు కమ్మని బలవంతం చేయకూడదు. మైనర్ అయితే సంరక్షకుల సమ్మతి కావాలి. సంస్థలు పెట్టి నడుపుకునే హక్కు మైనారిటీలకి 30వ అధికరణం ఇచ్చింది. ఆ హక్కు ఉందని ఈ క్లాజు రద్దవదు. చాపెల్‌కి రాని ముస్లిం పిల్లాడికి ఆధ్యాత్మికంలో 2 వేస్తే రేపు ఎవరైనా అడిగితే మీ కోఆర్డినేటర్ ఏం చెప్తారు?

అలాగని ఆ గడి తీసేయమనను. అది తీసేస్తే మీ యూనివర్సిటీకీ పక్క యూనివర్సిటీకీ తేడా ఏముంది? దేవుడి పేరెత్తకుండా అడగండి. ఈ ఏడాది నిన్ను నిద్రపోనివ్వని విషయం ఏంటి? నష్టమని తెలిసీ నిజం చెప్పిన సందర్భం ఉందా? ఎవరినైనా క్షమించావా, లేక ఇంకా కుదరలేదా? ఏ మతం పిల్లలైనా జవాబు చెప్తారు. దానికి మార్కు మాత్రం వేయకండి.

పాలమూరు ఎం.ఎడ్.
పాస్టర్ గారితో ముప్పాతిక వంతు ఏకీభవిస్తాను. మిగతా పావు సంగతి చివర్లో చెప్తాను. ముందు కొలత గురించి.

అమెరికాలో ఆస్టిన్ అనే విద్యా పరిశోధకుడు చెప్పిన ఒక పద్ధతి మా కోర్సులో చదువుకున్నాం. పిల్లలు ఏమేం తీసుకుని లోపలికి వచ్చారు, మధ్యలో కాలేజీ ఏమిచ్చింది, బయటికి ఏం పట్టుకెళ్లారు – ఈ మూడూ కలిపి చూడాలంటాడు. మీ ఫారం మూడోదాన్నే చూస్తోంది. స్టేజీ మీద ధారాళంగా మాట్లాడే కార్పొరేట్ స్కూల్ పిల్ల మొదటి రోజు నుంచే 4. మూడేళ్ల తర్వాతా 4. అందులో యూనివర్సిటీ చేసిందేముంది? తండా పిల్ల 1 నుంచి 3కి వస్తే అదీ వికాసం. మొదటి సెమిస్టర్‌లో ఎలా ఉన్నారో రాసి పెట్టుకోకపోతే చివర్లో కొలవడానికేమీ ఉండదు.

రెండోది, పిల్లలు తమకి తామే వేసుకునే మార్కులు. మా బీఎడ్ పిల్లల్ని జూన్‌లో “నీకు సహనం ఎంత?” అంటే అందరూ 5. ప్రాక్టీసుకి బడికి పంపి, ఏడో తరగతిలో నలభై మంది మధ్య నెల రోజులు నిలబెట్టాక అడిగితే 3. కాగితం మీద చూస్తే సహనం తగ్గింది. నిజానికి సహనం అంటే ఏంటో వాళ్లకి అప్పుడే అర్థమైంది. అందుకే ఇప్పుడు చివర్లో రెండు ప్రశ్నలు పక్కపక్కన పెడుతున్నాను. “ఇప్పుడు నీకెంత? అప్పుడు నిజంగా ఎంతుండేదని ఇప్పుడు అనుకుంటున్నావు?” నవ్వుకుంటూ నింపుతారు, నిజం రాస్తారు.

అమెరికన్ కాలేజీల సంఘం 2009లో వాల్యూ రూబ్రిక్స్ అని తెచ్చింది. నైతిక ఆలోచన, పౌర బాధ్యత లాంటివి నాలుగు మెట్లుగా, ఒక్కో మెట్టు మీద విద్యార్థి ఏం చేస్తాడో మాటల్లో ఉంటుంది. ‘3 అంటే బాగుంది’ అని కాకుండా ‘తనకి నచ్చని వాదాన్ని కూడా సరిగ్గా చెప్పగలడు’ అన్నట్టు రాస్తే ఇద్దరు లెక్చరర్లు చూసినా దాదాపు ఒకే మెట్టు మీద పెడతారు.

ఇక ఆ పావు వంతు. పాస్టర్ గారి ప్రశ్నలు బాగున్నాయి. కానీ ఇంగ్లిష్‌లో రాయమంటే ఇంగ్లిష్ బాగా వచ్చినవాడి ఆత్మపరిశీలన ఎప్పుడూ లోతుగానే కనిపిస్తుంది. మన పిల్లల్ని తెలుగులో, కుదిరితే లంబాడీలో చెప్పనివ్వండి. రాయడం కాదు, చెప్పడం.

మర్రిగూడ క్యాంపు సారు
నల్గొండలో ఒక డిగ్రీ కాలేజీలో ఎన్నెస్సెస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసర్‌ని. మాకూ గంటల లెక్కే. ఏడాదికి 120, రెండేళ్లకి 240, మధ్యలో ఏడు రోజుల శిబిరం. గంటలు లేకుండా ఎలా అనకండి, లేకపోతే సగం మంది రారు. కానీ ఆ అంకెని బస్సు టికెట్‌లా చూస్తాను. ఎక్కాడని తెలుస్తుంది, కిటికీలోంచి ఏం చూశాడో తెలియదు.

ఒకసారి మర్రిగూడ మండలంలో క్యాంపు. పాత బోర్ల నీళ్లు తెచ్చి కిట్‌తో ఫ్లోరైడ్ చూడటం, లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిందా లేదా అని రంగు చార్టు పక్కన పెట్టి పోల్చడం, ఇంటింటికీ పోయి వంటకి ఏ నీళ్లు వాడుతున్నారో రాసుకోవడం. క్లాసులో నోరు తెరవని అమ్మాయి ఒకతి. మొదటి రోజు మిగతావాళ్లు 20 ఇళ్లు రాస్తే తను 6 రాసింది. మందలించబోయి ఆమె కాగితాలు చూశాను. నడుం వంగిపోయిన ఒక అవ్వ ఇంట్లో మంచం ఎత్తు ఎంత, గడప ఎత్తు ఎంత, నీళ్ల బిందె ఎక్కడ పెడతారు అన్నీ రాసింది. “అవ్వకి బిందె వంచడం రావట్లేదు సార్, కుండకి కిందనే నల్లా బిగిస్తే ఐపోతది” అంది. మూడో రోజు కుర్రాళ్లు బిగించారు కూడా.

ఆ రోజు నుంచి నా జేబులో చిన్న పుస్తకం ఉంటుంది. తేదీ, పేరు, చూసింది రెండు లైన్లు. ‘మంచి అమ్మాయి’ లాంటివి రాయను. ఏడాదికి ఒక్కొక్కరికి ఐదారు ఎంట్రీలు పడతాయి. కొందరి పేజీ ఖాళీగా ఉంటుంది. నేను వాళ్లని చూడలేదని అర్థం, అందుకని ముందు వాళ్ల దగ్గరికే పోతాను. 24 మందికి చేయొచ్చు. 80 మందిని ఒక మెంటర్‌కి అంటగట్టే చోట ఎవరి వల్లా కాదు.

మిర్యాలగూడ మేడం
అందరికీ ధన్యవాదాలు. కోస్గి తమ్ముడూ, నువ్వన్నట్టే నిన్న సాయంత్రం ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. చదువు సంగతి ఎత్తలేదు. “పత్తి ఎట్లుందమ్మా ఈసారి?” అన్నాను. ఏడాదిలో నాతో మొత్తం పది మాటలు మాట్లాడిన పిల్ల, నలభై నిమిషాలు మాట్లాడింది.

డిసెంబర్‌లో రెండో విడత పత్తి ఏరడానికి పోయిందట. వాళ్లమ్మ, పిన్ని, తండాలో ఇంకో పదిహేను మంది ఆడవాళ్లు పత్తి ఊళ్లోనే అమ్ముతారు. కొనేవాడు తరుగు కింద క్వింటాల్‌కి రెండు కిలోలని చెప్పి కోస్తాడు. ఈ పిల్ల నోటుబుక్కులో ఇంట్లో తూచిన బరువు ఒక గడిలో, వాడు రాసుకున్న బరువు పక్క గడిలో రాస్తూ పోయింది. ప్రతి చిట్టీలో నాలుగున్నర, ఐదు తగ్గుతోంది. వాళ్లందరివీ రాసి, కూడి, వాడొచ్చినప్పుడు అందరి ముందూ చదివింది. అరిచాడట. తర్వాత వారం ఇంకో కాంటా తెచ్చాడట. “నువ్వు మాకు చెప్పిన రీకన్సిలియేషనే కదా మేడం” అంది. మన పుస్తకంలో లెక్కనీ బ్యాంకు లెక్కనీ పక్కపక్కన పెట్టి తేడా పట్టే బ్యాంక్ రీకన్సిలియేషన్ స్టేట్‌మెంట్ చెప్పేటప్పుడు ఆ పిల్ల వెనక బెంచీలో కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. వినట్లేదనుకుని ఒకసారి కోప్పడ్డాను కూడా.

మూడో గడిలో అంకె వేయలేదు, 24 మందికీ వేయను. పాస్టర్ గారి ప్రశ్నలు ఫోన్లో అడిగి, వాళ్లు ఒప్పుకున్నంత వరకే వ్యాఖ్యలో రాస్తాను. 28వ అధికరణం మాట కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టాను. “మీటింగ్‌లో మాట్లాడదాం” అన్నారు, అంటే ఏంటో మీకు తెలుసు. నాలుగో గడిలో ఈ అమ్మాయికి 5 వేసి, కింద జరిగింది రాశాను. ఎం.ఎడ్. గారూ, 5 వేయడం కూడా తప్పేనని మీరు అంటారని తెలుసు. 1 వేయలేక వేశాను.

పాలమూరు ఎం.ఎడ్.
అనను మేడం. కానీ మిగతా 23 మందినీ “పత్తి ఎట్లుంది” లాంటిదే ఏదో ఒకటి అడగాలి మీరు.

పానగల్లు పెద్దసారు
కోఆర్డినేటర్ రుజువు అడుగుతాడు చూడండి.

మిర్యాలగూడ మేడం
అడిగారు సార్. “ఫొటో ఉందా?” అని. అమ్మాయిని అడిగి, తనకి అభ్యంతరం లేదంటే ఆ నోటుబుక్కు పేజీ ఒకటి పంపమన్నాను. ఊళ్లోవాళ్ల పేర్లు బొటనవేలితో కప్పి ఫొటో తీసి పంపింది. బరువులు మాత్రం కనిపిస్తున్నాయి. జియో-ట్యాగ్ లేదు.

ఇంకా 23 ఉన్నాయి. రేపు హుజూర్‌నగర్ అబ్బాయికి ఫోన్ చేయాలి.