వెనక గేర్లు పెద్దవాటికి ఠక్కున ఎక్కుతున్నాయి, చిన్నవాటికి దిగడానికే మొరాయిస్తున్నాయి

ప్రశ్న

మౌంటెన్ బైక్ (సైకిల్). ముందు ఒకటే చైన్‌రింగ్ (పెడల్ దగ్గరి పళ్ల చక్రం), వెనక 11 స్పీడ్, 11-42 క్యాసెట్ (11 నుంచి 42 పళ్ల దాకా ఉన్న స్ప్రాకెట్ల, అంటే పళ్ల చక్రాల, గుత్తి). షిఫ్టర్ (హ్యాండిల్ మీది గేర్ లివర్), డీరైలర్ (చైన్‌ని ఒక స్ప్రాకెట్ నుంచి ఇంకోదానికి జరిపేది) రెండూ షిమానో డియోరే. బొటనవేలితో లివర్ నొక్కి పెద్ద స్ప్రాకెట్ల వైపు వెళ్తే చైన్ వెంటనే ఎక్కుతుంది. చిన్నవాటి వైపు వదిలితే మాత్రం పెడల్ ఒకటి రెండు చుట్లు తిరిగాక గానీ దిగదు. ఒక్కోసారి మొదటి క్లిక్‌కి కదలదు, రెండో క్లిక్‌కి రెండు గేర్లూ కలిపి దిగుతుంది. బ్యారెల్ అడ్జస్టర్ (కేబుల్ బిగువు మార్చే మర) తిప్పి చిన్న స్ప్రాకెట్ల దగ్గర కుదిర్చితే పెద్దవాటి దగ్గర గరగరమంటుంది, అక్కడ కుదిర్చితే ఇక్కడ పాడవుతుంది. బండి ఈమధ్య కుడివైపుకి పడింది, డీరైలర్ మీద గీతలు ఉన్నాయి. కేబుల్ మార్చాలా, హ్యాంగర్ (డీరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ముక్క) వంగిందా, డీరైలరే పోయిందా? దేనితో మొదలుపెట్టాలి?

మొదటి సమాధానం

ముందు బ్యారెల్ అడ్జస్టర్ మీద నుంచి చెయ్యి తీసెయ్యండి. మీరు చెప్పినవి రెండు వేరు వేరు లక్షణాలు, వాటికి కారణాలూ వేరు. రెండూ కలిసి ఉండగా అడ్జస్టర్ ఎంత తిప్పినా తెగదు.

దిగడానికి ఆలస్యం సంగతి ముందు చూద్దాం. పెద్ద స్ప్రాకెట్ ఎక్కేటప్పుడు కేబుల్‌ని లాగేది మీ బొటనవేలు, దానికి బలం ఎక్కువ. దిగేటప్పుడు కేబుల్‌ని వెనక్కి లాక్కునేది డీరైలర్‌లోని స్ప్రింగ్ ఒక్కటే. దారిలో ఎక్కడ రాపిడి ఉన్నా వేలు దాన్ని గెలుస్తుంది, స్ప్రింగ్ గెలవలేదు. కాబట్టి ఎక్కడం బాగుండి దిగడం మందగిస్తే అనుమానం కేబుల్ మీదికే వెళ్లాలి, లేదంటే డీరైలర్ కీళ్లు బిగుసుకోవడం మీదికి.

ఆ రెండిటినీ విడదీయడం తేలిక. చైన్‌ని అతి చిన్న స్ప్రాకెట్ మీదికి తెచ్చి, డీరైలర్ దగ్గర కేబుల్ బోల్ట్ వదులు చేసి వైరు బయటికి తీయండి. డీరైలర్‌ని చేత్తో లోపలికి, అంటే చక్రం వైపు నెట్టి వదలండి. టప్పున వెనక్కి రావాలి. నెమ్మదిగా వస్తే కీళ్లలో మట్టి ఉంది: కడిగి, ఆరబెట్టి, ఒక్కో కీలుకి ఒక్క చుక్క నూనె వేసి పదిసార్లు కదిపి, పైకి వచ్చిన నూనె తుడిచెయ్యండి. టప్పున వస్తే డీరైలర్ నిర్దోషి. ఇప్పుడు వైరు చివర వేళ్లతో పట్టుకుని కాస్త లాగి ఉంచి, ఇంకో చేత్తో షిఫ్టర్ మొత్తం క్లిక్కులూ పైకీ కిందికీ నడపండి. వైరు జారాలి. గరుకుగా, ఆగి ఆగి వస్తుంటే దొంగ దొరికినట్టే.

ఎక్కువసార్లు చెడేది డీరైలర్‌లోకి వెళ్లే చివరి ఔటర్ (వైరు మీది తొడుగు) ముక్క. అన్నిటికంటే ఎక్కువ వంపు అక్కడే, నీళ్లూ మట్టీ చేరేదీ అక్కడే. ఆ ముక్క తీసి చివరలు దగ్గరగా చూడండి. మామూలు కటింగ్ ప్లేయర్‌తో కోసి ఉంటే చివర నలిగి, లోపలి ప్లాస్టిక్ గొట్టం మూసుకుపోయి ఉంటుంది. వైరు ఆ సన్నటి నోటికి ఒరుసుకుంటూ పోతుంది. కేబుల్ కట్టర్‌తో కొత్తగా కోసి, చివర సమంగా ఆకురాయి పట్టి, గొట్టం నోరు సూదితో గుండ్రంగా తెరిచి, కొత్త క్యాప్ పెట్టండి. 4 మి.మీ. గేర్ ఔటరే వాడాలి. బ్రేక్ ఔటర్‌లో తీగ స్ప్రింగ్‌లా చుట్టి ఉంటుంది కనుక లాగినప్పుడు నొక్కుకుపోతుంది. గేర్లకి అది పనికిరాదు. ఇన్నర్ వైరు 1.2 మి.మీ. స్టెయిన్‌లెస్. షిఫ్టర్‌లో ఉండే వైరు తలకాయ దగ్గర ఒక్క పోగు తెగినా వైరు మార్చెయ్యండి, ఆలోచించొద్దు.

ఔటర్ పొడవు కూడా చూడండి. హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పినప్పుడు గేరు దానంతటదే మారితే ముందు ముక్క కురచైంది. వెనక సస్పెన్షన్ ఉన్న బండైతే షాక్‌లో గాలి తీసి, పూర్తిగా కుంగదీసి, ఔటర్ ఎక్కడైనా బిగుసుకుంటోందా చూడాలి.

రెండో సమాధానం

పైన చెప్పినదంతా నిజమే, నేనైతే ఆ క్రమం మారుస్తాను. కుడివైపు పడిన బండికి హ్యాంగర్ కొలవకుండా కేబుల్ కట్టడం వృథా శ్రమ. ఒక కొస కుదిరితే ఇంకో కొస చెడుతోందన్నారు చూశారా, అది రాపిడి చేసే పని కాదు. హ్యాంగర్ వంగితే డీరైలర్‌లోని పై పుల్లీ (చైన్‌ని నడిపించే చిన్న పళ్ల చక్రం) ఏటవాలుగా నిలబడుతుంది, అది నడిచే దారీ పక్కకి ఒరుగుతుంది. అందువల్ల స్ప్రాకెట్‌కీ పుల్లీకీ మధ్య దూరం ఒక్కో గేరులో ఒక్కోలా మారుతుంది. 11 స్పీడ్‌లో పక్క పక్క స్ప్రాకెట్ల మధ్య దాదాపు 3.9 మి.మీ.; 8 స్పీడ్‌లో అదే 4.8. పాత బండ్లు ఓర్చుకున్న వంకర ఇక్కడ చెల్లదు.

కంటితో చూసి తేల్చొద్దు. వెనక నుంచి చూస్తే తిన్నగా కనిపించే హ్యాంగర్ కూడా కొలిస్తే వంకర తేలుతుంది. డీరైలర్ విప్పి, అలైన్‌మెంట్ గేజ్‌ని (వంకర కొలిచే పరికరం) హ్యాంగర్ మరలో బిగించి, రిమ్ దాకా చాచి పైన, కింద, ముందు, వెనక నాలుగు చోట్ల ఖాళీ కొలవండి. ప్రతిసారీ రిమ్ మీద అదే చోటు, గాలి వాల్వ్ పక్కన, చక్రంతో పాటు తిప్పుకుంటూ వెళ్లాలి. లేదంటే రిమ్ ఊగు కూడా కొలతలో కలుస్తుంది. తేడా 4 మి.మీ. లోపు ఉండాలి.

గేజ్ లేకపోతే ఇంకో దారి ఉంది. చాలా హ్యాంగర్ల మర ఎం10×1. క్విక్ రిలీజ్ ఉండే పాతరకం వెనక చక్రం యాక్సిల్ మర కూడా అదే. అలాంటి చక్రం ఇంకొకటి తెచ్చి, స్క్యూవర్ (యాక్సిల్ లోపలి కడ్డీ) తీసేసి, ఆ చక్రం ఎడమవైపు యాక్సిల్‌ని హ్యాంగర్‌లోకి చేత్తో తిప్పి కూర్చోబెడితే రెండు చక్రాలూ పక్కపక్కన నిలుస్తాయి. రెండు రిమ్‌ల మధ్య దూరం చుట్టూ ఒకేలా ఉండాలి. కింద తక్కువ, పైన ఎక్కువ ఉంటే హ్యాంగర్ లోపలికి వంగింది. ముందు చక్రం యాక్సిల్ మాత్రం సన్నం, అది పట్టదు.

సరిచేసేటప్పుడు బండి చక్రం బిగించే ఉంచండి, కొంచెం కొంచెంగా వంచండి, వంచిన ప్రతిసారీ కొలవండి. అల్యూమినియం ఒకటి రెండుసార్లు ఓర్చుకుంటుంది, ఆపైన మర దగ్గర పగులుతుంది. అప్పటికే సన్నటి గీత కనిపిస్తే వంచొద్దు, కొత్తది వేయండి. హ్యాంగర్ చాలావరకు ఫ్రేమ్‌కి తగ్గట్టు వేరుగా ఉంటుంది, మీ ఫ్రేమ్ మోడల్ చూసి కొనాలి. యూడీహెచ్ (యూనివర్సల్ డీరైలర్ హ్యాంగర్) అని రాసి ఉంటే అది అన్ని యూడీహెచ్ ఫ్రేమ్‌లకీ ఒకటే.

మూడో సమాధానం

ఆ రెండూ తేలాక కూడా మిగిలితే: క్యాసెట్ పట్టుకుని ఊపండి, ఊగితే లాక్‌రింగ్ (క్యాసెట్‌ని పట్టే రింగు) వదులు, 40 న్యూటన్ మీటర్లకి బిగించాలి. డీరైలర్ పంజరం (రెండు పుల్లీలూ ఉండే భాగం) కింది కొస పట్టుకుని పక్కకి ఊపండి, కీళ్లు అరిగితే అక్కడ తెలుస్తుంది. పై పుల్లీ మాత్రం కొద్దిగా పక్కకి ఆడుతుంది, షిమానో దాన్ని కావాలనే అలా చేసింది. శుభ్రం చేసేటప్పుడు పై పుల్లీ కిందా, కింది పుల్లీ పైనా పెట్టేస్తే ఏ సెట్టింగూ నిలవదు. చైన్ కూడా కొలవండి: 24 సగం లింకులు కొత్తలో 304.8 మి.మీ., 306.3 దాటితే 11 స్పీడ్‌లో మార్చాల్సిందే. అయితే అరిగిన చైన్ గట్టిగా తొక్కినప్పుడు జారుతుంది గానీ దిగడం ఆలస్యం చేయదు, దాన్ని మొదటి అనుమానితుడిని చేయకండి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. రెండూ ఉన్నాయి. హ్యాంగర్ కింద, పైన కొలతల మధ్య 9 మి.మీ. తేడా వచ్చింది, లోపలికే వంగింది. పగులు లేదు, వంచితే 2 మి.మీ.కి వచ్చింది. చివరి ఔటర్ ముక్క నోరు నలిగి ఉంది, కొత్తది వేశాను. గేర్లు ఇప్పుడు రెండు వైపులా వెంటనే పడుతున్నాయి. ఒక్కటే మిగిలింది: 42 పళ్ల స్ప్రాకెట్ మీద మాత్రం గుర్రుమనే శబ్దం, పెడల్ వెనక్కి తిప్పితే ఇంకా ఎక్కువ.

రెండో సమాధానం ఇచ్చినవారు

అది బీ స్క్రూ (పై పుల్లీకీ స్ప్రాకెట్లకీ మధ్య దూరం మార్చేది) సంగతి. పై పుల్లీ పళ్లు 42 స్ప్రాకెట్ పళ్లకి తగులుతున్నాయి. చైన్ 42 మీద ఉంచి, పుల్లీ కొసకీ స్ప్రాకెట్ కొసకీ మధ్య 5-6 మి.మీ. వచ్చేదాకా స్క్రూ బిగించండి. ఎక్కువ బిగిస్తే పుల్లీ దూరమై చిన్న స్ప్రాకెట్లలో మళ్లీ మందకొడితనం వస్తుంది, కాబట్టి శబ్దం పోయిన చోట ఆపండి. వెనక సస్పెన్షన్ ఉంటే మీరు కూర్చున్నప్పుడు బండి ఎంత కుంగుతుందో అంత కుంగదీసి కొలవాలి.

ఇంకో పని తప్పకుండా చేయండి. హ్యాంగర్ వంగి ఉండగా పెట్టిన లిమిట్ స్క్రూలు (డీరైలర్ రెండు కొసలా హద్దు దాటకుండా ఆపేవి) ఇప్పుడు తప్పు. ‘ఎల్’ స్క్రూ ముందు చూడండి: చైన్ 42 మీద ఉండగా డీరైలర్‌ని చేత్తో లోపలికి నెట్టి, పెడల్ మెల్లగా తిప్పండి. చైన్ పళ్లు దాటి చక్రం పుల్లల (స్పోకుల) వైపు జారబోతే స్క్రూ ఎనిమిదో వంతు చుట్టు చొప్పున బిగించుకుంటూ పోండి. చైన్ 42 మీదికి ఇబ్బంది లేకుండా ఎక్కాలి, దాటకూడదు. ఇది కుదిరాకే బండిని బయటికి తీయండి, ఎత్తు ఎక్కేటప్పుడు చైన్ పుల్లల్లో పడితే డీరైలర్‌తో పాటు చక్రమూ పోతుంది. తర్వాత 11 వైపు ‘హెచ్’ స్క్రూ, చివర్లో బ్యారెల్ అడ్జస్టర్: దిగడం మందమైతే సవ్యదిశలో, ఎక్కడం మందమైతే అపసవ్యదిశలో, ఒక్కోసారి పావు చుట్టు మాత్రమే.